లింగన్న పెట్టిన సంతకం

మొన్న శుక్రవారం మధ్యాహ్నం జింజ్‌లోని మా ఫ్లాటుకి ఒక అమెరికా అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై అయిదేళ్లుంటాయి. ఆఫీసు పని మీద నాలుగు రోజులకి బహ్రెయిన్ వచ్చిందట. వాళ్ల తాతగారు ఒకప్పుడు అవాలిలో ఇంజినీరుగా ఉన్నప్పుడు ఇంట్లో వంటచేసిన తెలుగావిడ పేరు ఆయన కాగితాల్లో కనిపించిందట. అక్కడా ఇక్కడా వాకబు చేసి మూడోరోజుకి నన్ను పట్టుకుంది. గుమ్మంలో నుంచోగానే ముక్కు చూసి పోల్చేశాను. హెన్రీ సారు ముక్కు. "నువ్వు సారు మనవరాలివి కదూ!" అని తెలుగులోనే అనేశాను. ఆ పిల్ల ఏం అర్థం చేసుకుందో ఏమో, నవ్వి తలూపింది. కూర్చోబెట్టి గుత్తివంకాయ కూర, ముద్దపప్పు పెట్టాను. కారానికి కళ్లమ్మట నీళ్లు కారుతున్నా కంచం వదల్లేదు. అదీ తాత పోలికే.

తిని చెయ్యి కడుక్కొచ్చాక అసలు మాట అడిగింది. వాళ్లది చెరోకీ జాతి. తెల్లవాళ్లు ఓడలెక్కి రాకముందు నుంచీ అమెరికాలో ఉన్న జనం. ఆ ఒక్క ముక్క తప్ప తాత ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదట. అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడట. "మీకేమైనా చెప్పాడా?" అంది. నాకు నవ్వొచ్చింది. రెండేళ్లపాటు పొద్దున్నే టిఫిను తింటూ ఆయన నాకు చెప్పింది అదొక్కటే. సొంతవాళ్లకి చెప్పుకోలేనివి వంటమనిషికి చెప్పుకోవడం లోకంలో ఉన్నదే. చేతిలో గరిటె, పొయ్యి మీద పెనం, ఎక్కడికి పోతుంది, వినక చస్తుందా! ఆ పిల్ల వెళ్లిపోయాక కూడా ఆ రోజులు బుర్రలోంచి దిగడం లేదు. అందుకే ఇలా కాగితం ముందేసుకున్నాను.

నేను రాజోలు పక్క పల్లెలో పుట్టినదాన్ని. ఇంటర్ తప్పాను, టైపు లోయర్ మాత్రం పాసయ్యాను. మా వైపు ఇంటర్ తప్పిన ఆడపిల్లకి అప్పట్లో రెండే దార్లు, పెళ్లి లేదా టైపు ఇన్‌స్టిట్యూటు. నేను రెండోదాంట్లో కొన్నాళ్లు టకటకలాడించి, ఎవరూ చెప్పని మూడోదారి పట్టి ఇక్కడ తేలాను. జింజ్‌లో పక్కపక్కన రెండు పాత ఇళ్లు, మధ్యలో గోడ, గోడకో తలుపు. ఇవతల మేం ఆరుగురం ఆడవాళ్లం, అందరం గోదావరి జిల్లాలవాళ్లమే. అవతల పన్నెండుమంది మగవాళ్లు, జగిత్యాల, నిజామాబాదు వైపువాళ్లు, తోటపనీ తాపీపనీ చేసేవారు. అందరికీ కఫీల్ ఒక్కడే. కఫీల్ అంటే మా వీసాలకి పూచీ ఉండి మమ్మల్ని పనిలో పెట్టే ఇక్కడి పెద్దమనిషి. పొద్దున్నే ఆయన వ్యాను వచ్చి మమ్మల్ని అవాలిలో ఇళ్ల దగ్గర దింపేది, సాయంత్రం మళ్లీ జింజ్‌కి చేర్చేది.

రెండిళ్లకీ వంటిల్లు ఒక్కటే. ఒకరోజు మా వంతు, ఒకరోజు వాళ్ల వంతు. వ్యాను సందు మలుపు తిరగ్గానే వాసన బట్టి ఎవరి వంతో తెలిసిపోయేది. చేపల పులుసులో చింతపండు మరుగుతుంటే మాది, ఎండుమిరపకాయలు కాల్చిన ఘాటుకి తుమ్ములొస్తే వాళ్లది. "మీ కూరలల్ల గింత బెల్లమేంది బిడ్డా, పాయసమా ఏంది?" అని లింగన్న ఎగతాళి చేసేవాడు. "పొయ్యి వెలిగించకుండా పచ్చిపులుసు కలిపేసి దాన్ని వంట అంటారేంటండీ బాబూ!" అని నేను అంటించేదాన్ని. లింగన్న అందరికంటే పెద్ద. తెల్ల మీసం, మెడచుట్టూ ఎప్పుడూ ఒక తువ్వాలు. దిగిన మొదటిరోజు ఎయిర్‌పోర్టులో బిక్కచచ్చి నుంచున్న నన్ను, "బిడ్డా, నీది రాజోలేనా?" అని పలకరించి వ్యాను ఎక్కించింది ఆయనే. నాకు జ్వరమొస్తే జావ కాచి తలుపు దగ్గర పెట్టి, గోడమీద రెండుసార్లు తట్టి వెళ్లేవాడు. ఆ గోడ అవతలివాళ్లలో ఒకర్ని తర్వాత నేను పెళ్లి చేసుకున్నాననుకోండి, ఆ గొడవ ఇక్కడొద్దు.

అవాలి చమురు కంపెనీ కట్టించిన ఊరు. జింజ్ దాటి ఎడారిలో పడ్డాక ఉన్నట్టుండి చెట్లూ పచ్చిక బయళ్లూ కనిపిస్తే వచ్చేశామన్నమాట. సారు ఒంటరిమనిషి, భార్య పోయింది, పిల్లలు అమెరికాలో. ఇల్లంతా కాఫీ వాసన, ఇస్త్రీబట్టల వాసన, వాటి వెనకాల పాత కాగితాల వాసన. ముందుగదిలో సోఫా వెనక అట్టపెట్టెలు బారుగా పేర్చి ఉండేవి. వాటిలో ఉన్నవన్నీ నకళ్లు, వాళ్ల జాతివాళ్లు నూటయాభై ఏళ్ల కిందట వాషింగ్టన్‌లో సర్కారుకి పెట్టుకున్న అర్జీలు, కోర్టు కాగితాలు, ఉత్తరాలు. పుస్తకం రాద్దామని పోగుచేశాడట. నాకు టైపు వచ్చని తెలిసిన రోజున సారు మొహం చూడాలి! అప్పట్నుంచి దోసె పెనం మీద వేయడం, అది కాలేలోగా ఆయన మిషను మీద ఒక పెట్టెకి చీటీ కొట్టడం, ఇదీ నా ఉద్యోగం. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు, రెండూ ఆగిపోయినచోట ఇద్దరికీ వచ్చిన కాస్త హిందీ. కథ మాత్రం ఎక్కడా ఆగేది కాదు.

ఆ కథ ఇదీ. చెరోకీలకి సొంత లిపి ఉండేది, సొంత పత్రిక ఉండేది, రాసుకున్న చట్టం ఉండేది. వాళ్ల భూమి పక్కనున్న రాష్ట్రానికి కావలసివచ్చింది, మీరు లేచి పడమటికి పొండి అన్నారు. వీళ్లు కత్తి పట్టలేదు, ప్లీడర్ని పట్టుకున్నారు. ఒకప్పుడు ఆ సర్కారు తరఫునే వాదించిన గొప్ప ప్లీడరు. ఏటేటా తమలో నలుగురైదుగుర్ని ఎన్నుకుని రాజధానికి పంపేవారు. వాళ్లు చలిలో పూటకూళ్ల ఇళ్లలో దిగి, గొప్పవాళ్ల గుమ్మాల్లో గంటలకొద్దీ కూర్చుని, అర్జీ చేతికిచ్చి వచ్చేవారు. పెద్ద కోర్టు మొదటిసారి, మీరు పరాయి దేశమూ కాదు, మీ కేసు మేం వినలేం అంది. ఆ తర్వాత ఇంకో కేసులో, ఆ రాష్ట్రం చట్టాలు చెరోకీల గడ్డమీద చెల్లవని తీర్పిచ్చింది. "అమ్మయ్య, గెలిచారు!" అని నేను పెనం మీద అట్లకాడతో ఒక్కటి కొట్టాను. "గెలిచారు. ఎవరూ ఆ తీర్పు అమలు చేయలేదు," అన్నాడు సారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట అని మావైపు సామెత చెప్పాను. ఆయన నాలుగుసార్లు చెప్పించుకుని మరీ రాసుకున్నాడు.

ఆ తర్వాతి ముక్క చెప్పేటప్పుడు మాత్రం సారు ఎప్పుడూ తినడం ఆపేసేవాడు. ఎవరూ పంపని కొద్దిమంది, జాతి సభ అనుమతి లేకుండా, మేం వెళ్లిపోతాం అని ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టేశారట. మాకు తెలీదు, మేం ఒప్పుకోలేదు, వాళ్లు మా మనుషులే గానీ మా మాట కాదు అని వేలమంది ఇంకో అర్జీ మీద సంతకాలు పెట్టి పంపారట. ఆ ఒప్పందం ఒకే ఒక్క ఓటు తేడాతో చట్టమైపోయింది. సైన్యం వచ్చి ఇళ్లలోంచి బయటికి లాగింది. వందల మైళ్లు నడిపించారు, దారిలో ఎంతమంది పోయారో. నేనైతే ఆ సంతకాలు పెట్టినవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను. సారు కప్పు అందుకుని కాఫీ తాగాడు.

ఇలా ఉండగా మా నెత్తిమీదే పడింది. జింజ్‌లో మేముండే ఇళ్లు పడగొట్టి షాపులు కడతాడట ఇంటాయన. కఫీల్ ఒక ఏర్పాటు ఆలోచించాడు. మగవాళ్లు దూరంగా ఒక పెద్ద క్యాంపుకి పోతారు. ఆడవాళ్లు ఏ ఇంట్లో పనిచేస్తే ఆ ఇంట్లోనే ఉండిపోతారు. వినడానికి బాగానే ఉంది కదా, వ్యాను బాధ లేదు, తిండి అక్కడే. కానీ పనిచేసే ఇంట్లోనే ఉండిపోవడమంటే ఏంటో ఆడవాళ్లకి తెలుసు. సాయంత్రమయ్యాక వేసుకోవడానికి మనదంటూ ఒక తలుపు ఉండదు. డ్యూటీ మొదలెప్పుడో తెలియదు, ఖలాస్ ఎప్పుడో అసలు తెలియదు. నా గదిలో ఉండే మంగ అంతకుముందు ఒక ఇంట్లో అలా ఏడాది ఉండి వచ్చింది. విన్న దగ్గర్నుంచి ముద్ద మింగలేదు. "నేను మళ్లీ అలా ఉండలేను వరాలూ, వద్దు," అని ఒకటే పాట. నా మటుకు సారు దేవుడే. కానీ ఆయన రేపో మాపో వెళ్లిపోతే నన్నెక్కడ పడేస్తారో ఎవరికి తెలుసు?

గోడ తలుపు తీసి పద్దెనిమిదిమందిమీ కూర్చున్నాం. కఫీల్ దగ్గరికి ఎవర్ని పంపాలన్నదానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. లింగన్న ఉండగా ఇంకెవరు! మనవైపు అంతే కదా, పెద్దమనిషిని పంపితే పని అయినట్టే. ఆయన వెంట ఇంకొకర్ని పంపితే అనుమానించినట్టు, కాగితం ఇస్తే నమ్మనట్టు. జింజ్‌లోనే ఏదో ఒకచోట అందరినీ కలిపి ఉంచమని అడుగు పెద్దయ్యా అన్నాం. "నేను మాట్లాడ్త గద బిడ్డా, రందివడకుర్రి," అని మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. ఆ పొద్దున్నే నేను సారుకి చెబితే, "అతని చేతికి ఏమిచ్చారు?" అని అడిగాడు. "ఆవకాయ సీసా ఇచ్చాం సార్," అన్నాను గొప్పగా. సారు నవ్వలేదు. వాళ్ల మనుషులు రాజధానికి వెళ్లేటప్పుడు చేతిలో సభ ఇచ్చిన పత్రం ఉండేదట, ఏమేం అడగొచ్చు, దేనికి ఒప్పుకోకూడదు అన్నీ రాసి. ఇదెక్కడి చాదస్తం, ఈయనకి అన్నీ ఆ పెట్టెల్లోవే కనిపిస్తాయి అనుకున్నాను.

ఆ సాయంత్రం లింగన్న వంటింటి అరుగుమీద తల దించుకుని కూర్చుని ఉన్నాడు. కదిలిస్తే చెప్పాడు. "పోంగనే పక్కన కూసోవెట్టుకున్నడు బిడ్డా. కజ్జూరపండ్లు వెట్టిండు. గావా, గా అరబ్బోళ్ల కాఫీ, పోసిండు. తాగిన, మల్ల పోసిండు. ఇగ చాలంటె గిన్నె ఊపాలెనట, నాకేమెరుక? ఏడు గిన్నెలు తాగిన. మన తొక్కు సీసా నెత్తికి మొక్కినట్టు తీసుకున్నడు. గంత మర్యాద జేసిన మనిషి కాయిదం ముందట వెట్టి సంతకం జెయ్యమన్నడు. ఆయనింట్ల తిన్న నోటితోని కాదని ఎట్లనాలె? నోరు రాలె." ఆ కాగితంలో ఏముందో గుమాస్తా హిందీలో చదివే వినిపించాడట. ఈ ఇళ్లలో ఉండేవాళ్లందరి తరఫునా నేను ఈ ఏర్పాటుకి ఒప్పుకుంటున్నాను అని. మంగ అక్కడే కూలబడి ఏడ్చేసింది. మగవాళ్లలో ఒకడు కోపంతో గిన్నె విసిరాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఈయన మొహమాటానికి మేం బలైపోవాలా!

మర్నాడు సారు ముందు కక్కేశాను. ఆయన లేచి మిషను మీది గుడ్డ తీశాడు. "టైపు చెయ్యి," అన్నాడు. పద్దెనిమిది పేర్లతో కఫీల్‌కి ఉత్తరం. జింజ్‌లోనే కలిసి ఉంచమని, ఆడవాళ్లకి విడిగా గది, తలుపు ఉండాలని. అక్కడిదాకా బాగానే కొట్టాను. తర్వాతి వాక్యం దగ్గర చేతులాగిపోయాయి. "లింగన్నను మేము అడగడానికి పంపాము, ఒప్పుకోవడానికి అతనికి అధికారం ఇవ్వలేదు." అది వద్దు సార్ అన్నాను. అప్పటిదాకా ఎంత కోపమున్నా, ఆ మనిషి పేరు అలా కాగితంలోకి ఎక్కించడానికి మనసొప్పలేదు. నాకు జావ కాచి పోసిన మనిషి. జగిత్యాల వైపు పల్లెల్లో నలుగురూ తగవు తీర్చమని పిలిచే మనిషి. "ఈ వాక్యం లేకపోతే మిగతాదంతా ఉత్త కాగితం," అన్నాడు సారు, అంతకుముందెప్పుడూ లేనంత గట్టిగా. ఏడుస్తూనే కొట్టాను. రెండు తప్పులు పడితే కాగితం మార్చి మళ్లీ కొట్టాను.

జింజ్‌కి వచ్చి అందరి ముందూ తెలుగులో చదివాను. ఆ వాక్యం మాత్రం తలెత్తకుండా గబగబా చదివేశాను. "పెద్దాయన్ని ఇలా దించేస్తావా వరాలూ?" అని మంగే గొణిగింది, ముద్ద మింగని మంగే! లింగన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మల్ల సదువు బిడ్డా, గా ముక్కనే," అన్నాడు. చదివాను. "గిది నిజమే గద? అడుగుమని తోలిన్రు, ఒప్పుకొమ్మని తోలలె. నా పేరు రాసినకాడ నా సంతకం గుడ ఉండాలె. ఇటు తే." అందరికంటే ముందు ఆయనే సంతకం పెట్టాడు, వంకర అక్షరాలతో, ఇంటిపేరుతో సహా. మిగతా పదిహేడుమందిమీ దాని కిందే పెట్టాం.

శుక్రవారం పొద్దున్న ఈసారి నలుగురం వెళ్లాం. లింగన్న నేనూ వస్తానన్నాడు. కఫీల్ ఉత్తరం గుమాస్తా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "మొన్న నువ్వే కదా సరేనన్నావు?" అన్నాడు లింగన్నతో. "అన్నది నేను సాబ్. వీళ్లు అనలె. తప్పు నాది, ఇల్లు వీళ్లది," అని లింగన్న తనకొచ్చిన హిందీలో చేతులు కట్టుకోకుండా చెప్పాడు. గావా వస్తే ఒక్కటి తాగి గిన్నె ఊపేశాడు. కఫీల్ ముసలాయన ఉత్తరం మీది సంతకాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. తర్వాత మొదటి కాగితం తెప్పించి, అడ్డంగా గీత కొట్టించాడు. పాత ఇళ్లు ఎలాగూ నిలవలేదు. కానీ రెండు నెలలకి రెండు సందుల అవతల ఇంకో ఇల్లు చూశాడు. పైన మేం, కింద వాళ్లు, మెట్లు వేరు, వంటిల్లు మాత్రం ఒకటే. మా గది తలుపుకి లోపల గొళ్లెం కొత్తగా వేయించాడు. మంగ ఆ గొళ్లెం వేసీ తీసీ వేసీ తీసీ మా ప్రాణాలు తోడేసింది.

ఇప్పుడు రోజులు వేరు. మా కింది ఫ్లాటులో ఉన్న పిల్లలు అమ్వాజ్‌లో ఏసీలు బాగుచేసే పనికి వెళ్తారు. ఏదైనా వస్తే ఫోనులో నొక్కుతారు, ఫిర్యాదు వెళ్లిపోతుంది, నంబరు వస్తుంది. బాగానే ఉంది, నేనేమీ వంక పెట్టను. మేం పడ్డ తిప్పలు వాళ్లెందుకు పడాలి? కానీ నలభై గదులున్న మా బిల్డింగులో ఎవరి తరఫున ఎవరు మాట్లాడతారంటే మొహమొహాలు చూసుకుంటారు. మాకు ఫోను లేదు గానీ ఒక తలుపుండేది, దాన్ని తీస్తే పద్దెనిమిదిమంది ఉండేవాళ్లం. అప్పటి వంటింట్లో తిన్నంత కమ్మగా తర్వాత ఎక్కడా తినలేదన్నది మాత్రం నిజం.

ఆ అమెరికా పిల్లకి ఇంతవరకూ గబగబా చెప్పేశాను. చివరి సంగతి చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. సారు సొంతవాళ్లకే చెప్పుకోనిది నేను బయటపెట్టడమా అని. కానీ ఆ పిల్ల అంత దూరం నుంచి వచ్చింది అందుకే కదా. చెప్పేశాను.

కాగితం కొట్టివేసిన మర్నాడు పొద్దున్నే నేను సారు ఇంట్లోకి ఎగురుకుంటూ వెళ్లి గెలిచాం సార్ అన్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. అదేమీ లేదు. "సంతకం పెట్టినతన్ని ఏం చేశారు?" అన్నాడు. నాకర్థం కాలేదు. "ఏం చేయడమేంటి సార్? నిన్న వంట వంతు వాళ్లది. ఆయనే వండాడు, అందరం తిన్నాం." సారు కుర్చీ వెనక్కి జరిపి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. వాళ్ల జాతిలో సంతకాలు పెట్టినవాళ్లలో కొందరిని, పడమటికి చేరాక, తమవాళ్లే చంపేశారట. "మా ముత్తాత తండ్రి కూడా సంతకం పెట్టాడు," అన్నాడు. "ఆయన్ని చంపలేదు. కానీ బతికినన్నాళ్లూ ఏ ఇంట్లోనూ ఆయనకి కంచం పెట్టలేదు. మా ఇంట్లో ఆ పేరు ఇప్పటికీ ఎత్తరు." నేను రెండేళ్లుగా ఎవర్ని తిడుతూ వచ్చానో అప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించండి సార్ అంటే ఆయన చెయ్యి ఊపేశాడు. కాసేపటికి చిన్నపిల్లాడిలా అడిగాడు, "ఈ శుక్రవారం నేను మీ ఇంటికి భోజనానికి రావచ్చా?"

వచ్చాడు. మగవాళ్లంతా కంగారుపడి ఎక్కడినుంచో కుర్చీ తెచ్చారు. సారు అది వద్దని చాపమీద, లింగన్న పక్కన చోటు అడిగి కూర్చున్నాడు. లింగన్నకి సంగతేమీ తెలియదు, నేను చెప్పలేదు. తెల్లన్నం, పచ్చిపులుసు, కోడికూర. సారు కంచంలో మొదటి వాయి అయిపోవడం చూసి లింగన్న గరిటె అందుకుని, అడక్కుండానే ఇంకా అన్నం వేశాడు. "తిను సారూ, తిను. మనింట్ల నీకెవలడ్డం?" అన్నాడు. ఏమన్నాడని సారు నావైపు తిరిగి అడిగాడు. నేను చెప్పాను.